నాలుగు అరచేతుల ఆధారం

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం వైజ్ఞానిక వ్యాసప్రక్రియకు చెందినది. నిత్యజీవితంలో కంటికి ఎదురుగా ఉండి కూడా ఆలోచనకు అందని ఒక వస్తువును తీసుకొని, దాని పుట్టుకను, లక్షణాలను, ప్రయోజనాన్ని క్రమపద్ధతిలో వివరించి, పాఠకునిలో వివేచనాశక్తిని పెంపొందించడం ఈ ప్రక్రియ ఉద్దేశం. కుటుంబవాహనానికి అరిగిన టైర్ల స్థానంలో కొత్తవాటిని ఎంపిక చేసుకొనే విధానం ఈ వ్యాసంలోని వస్తువు. గోదావరీ తీరంలోని ఏటూరునాగారం దారులు దీనికి నేపథ్యం.

పాఠ్యభాగం

మానవుని ఆవిష్కరణలలో చక్రానికి ఉన్న స్థానం అద్వితీయమైనది. నేలకూ చక్రానికీ మధ్య గల సంబంధం చెడితే ఎంతటి వీరుని రథమైనా కదలదని భారతకథలో కర్ణుని వృత్తాంతం తెలియజేస్తుంది. నేల కుంగి రథచక్రం దిగబడిన క్షణంలో అతని అస్త్రవిద్య, శౌర్యం అక్కరకు రాలేదు. నేటి వాహనానికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా, బ్రేకులు ఎంత చురుకైనవైనా, వాటి పనితనమంతా చివరకు నేలను తాకే టైరు మీదనే ఆధారపడి ఉంటుంది. ఒక పెద్ద కుటుంబవాహనంలో ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు చాచిన అరచేయి పరచినంత మాత్రమే. ఏడెనిమిది మంది ప్రయాణికుల ప్రాణాలు ఆ నాలుగు అరచేతుల వైశాల్యం మీద నిలిచి ఉంటాయి. ఆ ప్రాణాధారాన్ని ఎంచుకోవడంలో చూపవలసిన వివేకం ఎట్టిదో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

ఇనుపపట్టా నుండి గాలిటైరు వరకు

పూర్వం పల్లెల్లో ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుపపట్టా తొడిగేవాడు. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన స్థితిలో కొయ్యచక్రానికి ఎక్కించి, వెంటనే నీళ్లు పోసేవాడు. చల్లబడిన పట్టా సంకోచించి చక్రంలోని ఆకులన్నింటినీ బిగించి పట్టుకొనేది. ఇరుసుకు కందెన పూసి, శీల వేస్తే బండి ప్రయాణానికి సిద్ధమయ్యేది. ఆ పట్టా గట్టిదే కాని మెత్తనిది కాదు. దారిలోని ప్రతి రాయి బండిలో కూర్చున్నవారి నడుముకు తెలిసేది.

ఈ లోపాన్ని రబ్బరు తీర్చింది. రబ్బరుచెట్టు పాలు సహజంగా ఎండకు మెత్తబడి, చలికి బిరుసెక్కే గుణం కలవి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది స్థిరమైన సాగుదనం పొందుతుందని 1839లో అమెరికా దేశీయుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. గాలి నింపిన చక్రానికి 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. అయితే దానిని వాడుకలోకి తెచ్చిన కీర్తి జాన్ బాయిడ్ డన్‌లప్‌కు దక్కింది. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యునిగా ఉన్న ఆయన 1887లో తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం గాలిటైరును రూపొందించాడు. 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకొన్నది. నేడు కార్లకు వాడే టైర్లు దాదాపుగా అన్నీ ఈ జాతికి చెందినవే.

టైరు కేవలం రబ్బరు ముద్ద కాదు. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, ఉక్కుతీగలు, పాలియెస్టర్ దారాలు, గంధకం, సిలికా, మసివంటి కార్బన్ బ్లాక్ మొదలైన పదార్థాల సమ్మేళనం అది. టైరుకు నలుపు రంగును ఇచ్చేది కార్బన్ బ్లాకే. రంగు దాని అసలు ప్రయోజనం కాదు. రబ్బరుకు గట్టిదనాన్ని, అరుగుదలను తట్టుకొనే శక్తిని అది ఇస్తుంది. మన ప్రాంతానికీ ఈ పరిశ్రమతో సంబంధం ఉన్నది. తెలంగాణలోని సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం, ఆంధ్రప్రదేశ్‌లోని చిన్నపండూరు వద్ద అపోలో కర్మాగారం టైర్లను తయారు చేస్తున్నాయి.

ఏటూరునాగారం దారులు

టైరును ఎంచుకొనే ముందు తెలుసుకోవలసినది దుకాణంలోని ధర కాదు, ఇంటి ముందరి దారి. 2016 వరకు వరంగల్ జిల్లాలో, ఆపైన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 నుండి ములుగు జిల్లాలో భాగమైన ఏటూరునాగారం ఇందుకు చక్కని ఉదాహరణ. హైదరాబాదు నుండి వరంగల్, ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి ఈ ఊరిని తాకి, ముల్లకట్ట వద్ద గోదావరి వంతెన దాటి ఛత్తీస్‌గఢ్ వైపు సాగుతుంది. దారిలో అధికభాగం వన్యప్రాణుల అభయారణ్యపు నీడలోనే నడుస్తుంది. మరొక దారి మంగపేట మీదుగా గోదావరి ఒడ్డు వెంట బూర్గంపహాడ్ దిక్కుకు పోతుంది. ఇవి కాక అడవిలోని గూడేలకు పోయే మట్టిబాటలు, కంకరదారులు, వాగులు దాటే కల్వర్టులు అనేకం.

ఎండాకాలంలో ఇక్కడి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. ఆ ఎండలో తారురోడ్డు గాలికంటె ఎంతో ఎక్కువగా కాగుతుంది. వానాకాలం వచ్చిందంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవైనాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. తెలంగాణలో ఒక్కరోజు వర్షపాతంలో అప్పటికి అదే అత్యధికం. ఆ వరదలోనే జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచెత్తి ప్రాణనష్టం కలిగించింది. చలికాలంలో అడవి పల్లెల్లో తెల్లవారుజామున మంచు కమ్ముకొని రోడ్డు తడితడిగా ఉంటుంది. రెండేండ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులు తీరేవి. నేడు ఆ స్థానంలో మోటారు వాహనాలు బారులు తీరుతున్నాయి.

ఇటువంటి ఊరిలో ఒక ఉపాధ్యాయుని కుటుంబం ఉన్నదనుకొందాం. వృద్ధులైన తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు పిల్లలు, అందరూ కలిసి ప్రయాణించడానికి ఒక ఎస్.యు.వి. వాహనం ఉన్నది. తండ్రికి మూడు నెలలకొకసారి వరంగల్‌లోని పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలి. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఇరుగుపొరుగు ఇండ్లలో అర్ధరాత్రి ఎవరికి అత్యవసరం వచ్చినా ఆ వాహనమే దిక్కు. జ్యేష్ఠమాసం ముగియవచ్చింది, టైర్ల గాడులు అరిగిపోయాయి. వర్షాలు మొదలయ్యేలోగా ఆ కుటుంబం ఏ టైర్లను కొనాలి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా ‘అన్ని కాలాల టైరు’ అనే మాటకు అర్థం తెలియాలి.

సర్వర్తు టైరు

ఆంగ్లంలో ‘ఆల్ సీజన్’ అనే పేరుతో వ్యవహరించే టైరును తెలుగులో ‘సర్వర్తు టైరు’ అనవచ్చు. అన్ని ఋతువులకూ తగినది అని దాని భావం. అయితే ఈ పేరు పుట్టినది మంచు కురిసే దేశాలలో. అక్కడ వేసవికి ఒక రకం, శీతకాలానికి మరొక రకం టైర్లు వాడే ఆచారం ఉన్నది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటె తగ్గినప్పుడు వేసవి టైరులోని రబ్బరు బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. శీతకాలపు టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది కాని వేసవిలో త్వరగా అరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే శ్రమ లేకుండా ఈ రెండింటికీ మధ్యస్థంగా రూపొందినదే సర్వర్తు టైరు. బురద, మంచు అనే మాటలకు సంకేతంగా దాని మీద ‘ఎం ప్లస్ ఎస్’ అనే గుర్తు ఉంటుంది. మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గల బొమ్మ ఉంటే అది మంచులో జరిపే పరీక్షలో నెగ్గినదని గ్రహించాలి.

మన లెక్కలో ఋతువులు ఆరు. కాని తెలుగునేల మీద రోడ్డుపై మంచు పేరుకొనే ఋతువు లేదు. కనుక మంచుపువ్వు గుర్తు కోసం అదనంగా డబ్బు వెచ్చించడం ఏటూరునాగారం వాసికి నిష్ప్రయోజనం. అతనికి సర్వర్తు టైరు అంటే మూడు పరీక్షలకు నిలిచే టైరు. మొదటిది గ్రీష్మంలోని వేడి. రెండవది వర్షర్తువులోని నీరు. మూడవది ఏడాది పొడవునా ఉండే గుంతలు, కంకర. ఒక దేశంలో పుట్టిన మాటను మరొక దేశానికి తెచ్చుకొన్నప్పుడు, పేరును కాక ప్రయోజనాన్ని చూడాలనే వివేకం ఇక్కడ ముఖ్యం.

టైరు మీది అక్షరాలు

టైరు పక్కగోడ మీద ఉబ్బెత్తుగా ముద్రించిన అంకెలు, అక్షరాలు శాసనం వంటివి. చదవనేర్చిన వానికి అవి అన్నీ చెబుతాయి. ఉదాహరణకు ఒక టైరు మీద ‘215/75 ఆర్ 15 100 ఎస్’ అని ఉన్నదనుకొందాం. ఇందులో 215 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనేది పక్కగోడ ఎత్తు. అంటే వెడల్పులో నూటికి 75 వంతులు, సుమారు 161 మిల్లీమీటర్లు. ‘ఆర్’ అనగా రేడియల్. 15 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. 100 అనేది భారసూచిక. ఇది వంద కిలోలు కాదు. పట్టికను అనుసరించి ఒక్కొక్క టైరు 800 కిలోల బరువు మోయగలదని అర్థం. చివరి ‘ఎస్’ వేగసూచిక. గంటకు 180 కిలోమీటర్లు దాని గరిష్ఠ పరిమితి. అంత వేగంతో పోవచ్చునని దాని భావం కాదు. వేగంతో పుట్టే వేడిని ఎంతవరకు తట్టుకోగలదో తెలిపే కొలత మాత్రమే అది.

వాహనం తయారుచేసిన సంస్థ నిర్ణయించిన కొలతనే మరల ఎంచుకోవడం ఉత్తమం. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే పట్టికలోగాని, వాహనంతో ఇచ్చిన పుస్తకంలోగాని ఆ వివరాలు ఉంటాయి. వాహనం ఠీవిగా కనిపించాలని కొందరు వెడల్పైన టైర్లు వేయిస్తారు. పైన చెప్పిన టైరు మొత్తం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా నూటికి నాలుగు వంతులు. అప్పుడు స్పీడోమీటరు ముల్లు చూపే వేగం కంటె వాహనం ఎక్కువ వేగంతో పోతుంది. ముందుచక్రాలు మలుపులో లోపలి భాగాలకు రాసుకొనే ప్రమాదమూ ఉన్నది. భారసూచికను, వేగసూచికను ఎన్నడూ తగ్గించరాదు. ఇంటిల్లిపాదీ సామానుతో బయలుదేరినప్పుడు ఆ అంకె విలువ తెలుస్తుంది.

పక్కగోడ మీద మరొక ముఖ్యమైన సంకేతం ఉన్నది. ‘డి.ఓ.టి.’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు టైరు పుట్టినతేదీని తెలుపుతాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో అది తయారైనదని అర్థం. రబ్బరు వాడకపోయినా గాలికి, వేడికి క్రమంగా బిరుసెక్కుతుంది. కనుక తగ్గింపు ధరకు ఇస్తున్నారని గోదాములో ఏండ్ల తరబడి ఉన్న సరుకును కొనడం లాభం అనిపించుకోదు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల టైర్లకు ఈ ముద్రను తప్పనిసరి చేస్తూ కేంద్రప్రభుత్వం 2009లో ఉత్తర్వు వెలువరించింది.

గాడుల పని

టైరు నేలను తాకే పొరను ట్రెడ్డు అంటారు. అందులోని గాడులు అలంకారం కోసం చెక్కినవి కావు. పొడి రోడ్డు మీద గాడులు లేని రబ్బరు కూడా పట్టు ఇస్తుంది. తడిరోడ్డు మీద మాత్రం టైరుకూ నేలకూ మధ్య నీటిపొర చేరుతుంది. ఆ నీటిని పొలంలోని కాలువల వలె పక్కలకు పంపివేయడమే గాడుల పని. గాడులు అరిగినప్పుడు నీరు పోయే దారి ఉండదు. వేగం పెరిగినప్పుడు టైరు ఆ నీటిపొర మీదకు ఎక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా వాహనం తిరగదు, బ్రేకు వేసినా ఆగదు. పల్లెల్లో ‘గుండు టైరు’ అని వేళాకోళంగా పిలిచే టైరు వానలో ఇంతటి ప్రమాదానికి కారణమవుతుంది.

ఈ తేడాను లెక్కలో చూడవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 22 మీటర్లు కదులుతుంది. ఎదురుగా పశువుల మంద కనిపించి డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడితే ఆ 22 మీటర్లు అప్పటికే గడిచిపోతాయి. ఆపైన రోడ్డుతో టైరుకు గల ఘర్షణ గుణకం 0.7 అయితే వాహనం మరి 36 మీటర్లలో నిలుస్తుంది. తడి వల్ల, అరుగుదల వల్ల ఆ గుణకం 0.4కు పడిపోతే 63 మీటర్లు కావాలి. మొదటి వాహనం నిలిచిపోయిన చోట రెండవ వాహనం ఇంకా గంటకు 50 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. అడవిదారిలో మలుపు తిరగగానే ఎదురయ్యే పశువుకు గాని, బడికి నడిచిపోయే పిల్లవానికి గాని ఆ 27 మీటర్లు జీవన్మరణ సమస్య.

మన దేశపు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్ల వంటి వాహనాలకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గరాదు. దీనిని తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. వాటి స్థానాన్ని చూపుతూ టైరు అంచున ‘టి.డబ్ల్యు.ఐ.’ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో ముద్రిస్తారు. ట్రెడ్డు అరిగి ఆ గట్లతో సమమైతే టైరు ఆయువు తీరినట్లే. చట్టం చెప్పిన హద్దు చివరి హద్దు. వానలు ఎక్కువగా ఉండే ప్రాంతంలో ఆ హద్దు దాకా వేచి ఉండడం వివేకం కాదు. మూడు మిల్లీమీటర్ల వద్దనే మార్పు గురించి ఆలోచించడం క్షేమం.

ఏ రకం ఎవరికి?

ఎస్.యు.వి. వాహనాలకు దొరికే టైర్లు స్థూలంగా మూడు రకాలు. రహదారి టైర్లు మొదటి రకం. వీటి గాడులు సన్నగా, దగ్గరగా ఉంటాయి. చప్పుడు తక్కువ, ఇంధనం ఆదా అవుతుంది, తడి తారురోడ్డు మీద పట్టు బాగుంటుంది. వీటినే దుకాణదారులు ‘హెచ్.టి.’ అంటారు. రెండవ రకం ‘ఎ.టి.’ అనే అన్నిదారుల టైర్లు. వీటి దిమ్మెలు పెద్దవి, గాడులు వెడల్పైనవి. కంకర, మట్టిబాటల మీద ఇవి కోతలను తట్టుకొంటాయి. కాని తారురోడ్డు మీద మోత ఎక్కువ, ఇంధనం కొంత అధికంగా ఖర్చవుతుంది. మూడవ రకం ‘ఎం.టి.’ అనే బురద టైర్లు. లోతైన బురదలో ఇవి సాటిలేనివి. తడి తారురోడ్డు మీద మాత్రం వీటి పట్టు తక్కువ. కుటుంబవాహనానికి ఇవి తగినవి కావు.

ముందు ప్రస్తావించిన ఉపాధ్యాయుని కుటుంబం తన ప్రయాణాలను లెక్కవేసుకోవాలి. నెలలో తిరిగే దూరంలో పదింట తొమ్మిది వంతులు వరంగల్ రహదారి మీదనే అయితే రహదారి టైరే సరియైనది. రోజూ గూడెంలోని పాఠశాలకు కంకరబాట మీద పోవలసి ఉంటే అన్నిదారుల టైర్లలో నెమ్మదైన గాడుల రకాన్ని ఎంచుకోవచ్చు. ఎప్పుడో ఒకనాడు పొలానికి పోవలసి వస్తుందని ఏడాదంతా బరువైన టైర్లు మోయడం, ఒక్కరోజు పెండ్లి కోసం ఏడాది పొడవునా పట్టుబట్టలు కట్టుకొని తిరగడం వంటిది. పొంగుతున్న వాగును దాటించే టైరు ఏదీ లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. కల్వర్టు మీద నీరు పారుతున్నప్పుడు ఆగిపోవడమే నేర్పు. ప్రవాహం బరువైన వాహనాన్ని సైతం తేల్చి పక్కకు నెడుతుంది.

టైరు గుణాలలో ఒకదానితో ఒకటి విభేదించేవి ఉన్నాయి. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, కాని తడిలో పట్టు తగ్గవచ్చు. మెత్తని రబ్బరు బాగా పట్టుకొంటుంది, కాని త్వరగా అరుగుతుంది. సిలికా కలిపిన రబ్బరు ఈ వైరుధ్యాన్ని కొంతవరకు తగ్గిస్తున్నది. దొర్లే నిరోధం, తడిపట్టు, చప్పుడు అనే మూడింటికీ పాటించవలసిన ప్రమాణాలను నిర్దేశిస్తూ కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ 2022 జూన్‌లో నోటిఫికేషన్ వెలువరించింది. ఇంట్లోని ఫ్రిజ్‌కు ఉన్నట్లే ఇంధన పొదుపును సూచించే నక్షత్రముద్ర కొన్ని టైర్లకు కూడా వచ్చింది. అయితే నక్షత్రాలు ఇంధనపు ఆదాను చెబుతాయి. వానలో బ్రేకు సంగతిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

కొనుగోలులో మెలకువలు

నాలుగు టైర్లను ఒకేసారి మార్చడం శ్రేష్ఠం. స్తోమత చాలనప్పుడు ఒకే ఇరుసుకు చెందిన రెండింటిని జతగా మార్చాలి. ఆ కొత్త జతను ముందుకు వేయాలని చాలామంది భావిస్తారు. నిపుణుల అభిప్రాయం దీనికి భిన్నమైనది. కొత్తవాటిని వెనుకకే వేయాలి. వెనుకచక్రాలు తడిలో జారితే వాహనం గిర్రున తిరిగిపోతుంది. సామాన్య డ్రైవరు దానిని అదుపు చేయలేడు. నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాలలో టైర్ల చుట్టుకొలతలు సమానంగా లేకపోతే లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. కనుక అటువంటి వాటికి నాలుగు టైర్లూ ఒకే రకంగా ఉండాలి.

టైర్లు వేయించిన వెంటనే వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాలి. పాత వాల్వులను మార్చాలి. రశీదును, హామీపత్రాన్ని భద్రపరచాలి. సరుకులో లోపం బయటపడితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం న్యాయం కోరడానికి ఆ రశీదే ఆధారం. అరిగిన టైరులో కత్తితో మరల గాడులు చెక్కి కొత్తదానిలా అమ్మే మోసాల పట్ల జాగ్రత్తగా ఉండాలి. అటువంటి టైరులో గాడి కింద మిగిలిన రబ్బరు బహు పలుచన.

అదనపు చక్రాన్ని మనవారు ‘స్టెప్నీ’ అంటారు. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1904 ప్రాంతంలో వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో అదనపు చక్రాల తయారీ మొదలైనది. ఆ వీధి పేరు వస్తువు పేరై, సముద్రాలు దాటి తెలుగు పల్లెలోని పంచరు దుకాణం దాకా వచ్చి నిలిచింది. కొన్ని షరతులకు లోబడి స్టెప్నీ లేని కార్లను మన దేశంలో 2020 నుండి అనుమతిస్తున్నారు. అయినప్పటికీ అడవిదారిలో తిరిగేవారికి గాలి నిండిన స్టెప్నీ అవసరం. నాలుగు టైర్లు కొని ఐదవదాన్ని మరచిపోవడం సర్వసాధారణమైన పొరపాటు.

గాలి – పోషణ

ఎంత మంచి టైరైనా సరియైన గాలి లేకపోతే వ్యర్థమే. బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తగ్గితే టైరు అంచులు ముందుగా అరుగుతాయి; పక్కగోడ పదేపదే నలిగి వేడెక్కుతుంది. గాలి ఎక్కువైతే నడుమ భాగం అరిగి పట్టు తగ్గుతుంది. నూరు కిలోమీటర్ల పయనంలో పైన చెప్పిన టైరు సుమారు 45 వేల సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. మండుటెండలో గాలి తగ్గిన టైరు పేలిపోవడానికి ఈ వేడియే కారణం. అయితే ఎండాకాలంలో గాలి తగ్గించి నింపాలనే నమ్మకం సరియైనది కాదు. తగ్గించిన గాలి వేడిని ఇంకా పెంచుతుంది. తయారీదారు చెప్పిన ఒత్తిడిని, ప్రయాణానికి ముందు టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి నింపాలి. పక్కగోడ మీద ఉండే గరిష్ఠ ఒత్తిడి అంకె నింపవలసిన కొలత కాదు. నైట్రోజన్ నింపితే కొంత మేలున్నా, మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ అన్న సంగతి మరువరాదు.

సుమారు పదివేల కిలోమీటర్లకొకసారి టైర్ల స్థానాలు మార్చితే అరుగుదల సమానంగా ఉంటుంది. ఐదేండ్లు దాటిన టైర్లను ఏటా నిపుణులకు చూపాలని, గాడులు మిగిలి ఉన్నా పదేండ్లు నిండితే తీసివేయాలని తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. పక్కగోడ మీద పగులు, ఉబ్బు, లోతైన కోత కనిపిస్తే వయసుతో పనిలేకుండా మార్చివేయాలి.

పాత టైరు గతి

కొత్త టైరు వచ్చిన తరువాత పాతదాని బాధ్యత తీరిపోదు. ఇంటి వెనుక పడవేసిన టైరులో వాననీరు నిలిస్తే డెంగ్యూను వ్యాపింపజేసే దోమలు అందులో గుడ్లు పెడతాయి. ఏటా వానాకాలంలో జ్వరాలు ప్రబలే ఏజెన్సీ గ్రామాలలో ఇది చిన్న విషయం కాదు. భోగిమంటలో పాత టైర్లు వేయడం మరొక దురాచారం. పిడకలు, ఎండుకట్టెలతో వెలగవలసిన పండుగ మంటలో టైరు కాలితే గంధకపు వాయువులు, విషపదార్థాలు గల నల్లని పొగ పిల్లల ఊపిరితిత్తులకు చేరుతుంది. వాడిన టైర్ల పునర్వినియోగానికి ఉత్పత్తిదారులను బాధ్యులను చేస్తూ 2022 జూలైలో కేంద్రప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. పాత టైర్లను దుకాణదారునికే అప్పగించి, అవి పునర్వినియోగ కేంద్రాలకు చేరేటట్లు చూడడం పౌరధర్మం.

ముగింపు

టైరు కొనడం చిన్న వ్యవహారంగా కనిపిస్తుంది. కాని అందులో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చట్టం, అర్థశాస్త్రం, పౌరధర్మం కలిసి ఉన్నాయి. తన దారి ఎటువంటిదో తెలుసుకొని, అక్షరాలను చదివి, కొలతను పాటించి, తడిపట్టును ప్రధానంగా చూసి, గాలిని గమనించుకొనేవాడు పొందే ఫలం క్షేమం. ఎండావానల్లో అడవిదారి దాటి వృద్ధుడైన తండ్రిని ఆసుపత్రికి చేర్చి, చీకటిపడే వేళకు తిరిగి ఇల్లు చేరిన కుటుంబానికి టైర్ల సంగతి గుర్తుకే రాదు. ఆ గుర్తుకురాకపోవడమే మంచి ఎంపికకు నిదర్శనం.

పదవిజ్ఞానం

ఇరుసు : చక్రాలు తిరగడానికి ఆధారమైన దండం
కందెన : ఇరుసుకు పూసే జిడ్డుపదార్థం
శీల : చక్రం ఊడకుండా ఇరుసు చివర వేసే మేకు
వ్యాకోచించు : వేడికి విస్తరించు
సంకోచించు : ముడుచుకొను
వర్షర్తువు : వానకాలం
ఘర్షణ : రాపిడి
నిదర్శనం : తార్కాణం

సంధులు

ప్రాణాధారం = ప్రాణ + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
సర్వర్తు = సర్వ + ఋతు – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు

రథచక్రం – రథము యొక్క చక్రం – షష్ఠీ తత్పురుష సమాసం
ఎండావానలు – ఎండయును వానయును – ద్వంద్వ సమాసం
నాలుగు చక్రాలు – నాలుగైన చక్రాలు – ద్విగు సమాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ‘సర్వర్తు టైరు’ అనే మాట పుట్టుకను తెలిపి, ఏటూరునాగారం వంటి ప్రాంతానికి దానిని ఎట్లు అన్వయించుకోవాలో వివరించండి.
2. తడిరోడ్డు మీద టైరు గాడుల ప్రాధాన్యాన్ని పాఠ్యభాగంలోని లెక్క ఆధారంగా విశ్లేషించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ‘215/75 ఆర్ 15 100 ఎస్’ అనే సంకేతాన్ని వివరించండి.
2. రెండు కొత్త టైర్లను వెనుక ఇరుసుకే ఎందుకు వేయాలి?
3. ‘స్టెప్నీ’ అనే పదం ఎట్లు వచ్చింది?
4. పాత టైర్లను భోగిమంటలో వేయడం ఎందుకు తగదు?

ప్రాజెక్టు పని

మీ ఇంటిలోగాని, మీ వీధిలోగాని ఉన్న ఐదు వాహనాల టైర్లను పరిశీలించి, వాటి కొలత, తయారైన వారం, సంవత్సరం, గాడుల స్థితిని పట్టికగా రాయండి. వాటిలో వెంటనే మార్చవలసినవి ఏవో కారణాలతో పేర్కొనండి.